పాలకున్న గొంతు నూనెగింజకి లేదు

ఏదో ఒక దేశంతో వాణిజ్య ఒప్పందం కుదిరిందని వార్త వచ్చిన ప్రతిసారీ మన ప్రభుత్వం నుంచి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: పాడి రంగాన్ని ఒప్పందంలోకి రానివ్వలేదు అని. 2022 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాతో సంతకాలు అయినప్పుడు ఇదే మాట. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలు అయినప్పుడూ ఇదే. అదే ఏడాది డిసెంబరులో న్యూజిలాండ్‌తో చర్చలు ముగిసినప్పుడూ ఇదే. ఆ దేశాల్లో ఉంటున్నవాళ్ళు దీని రెండో వైపు కూడా చదివే ఉంటారు. న్యూజిలాండ్ విదేశాంగ మంత్రి విన్‌స్టన్ పీటర్స్ అయితే, పాల ఉత్పత్తులకి చోటు లేని ఈ ఒప్పందం తమ దేశానికి మంచి బేరం కాదని బయటికే అన్నారు.

పాల విషయంలో మనవాళ్ళకి ఇంత పట్టుదల ఉండడం మంచిదే. కానీ ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఇంకో ప్రశ్న వస్తుంది. "నూనెగింజల రైతు జోలికి రానివ్వలేదు" అని ఎవరూ ఎందుకు చెప్పరు?

పాలూ నూనే మన వంటింట్లో పక్కపక్కన ఉండేవే. పల్లెలో చాలాసార్లు ఒకే ఇంటి నుంచి వచ్చేవి కూడా. బయటి దేశాల చవక సరుకుతో రెండిటికీ పోటీ వచ్చింది. ఒకటి నిలబడింది, ఇంకొకటి పడిపోయింది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో తెలిస్తే, ఇప్పుడు అమెరికాతో జరుగుతున్న చర్చల్లో ఏం చూడాలో మనకి తెలుస్తుంది.

నూనె ఎలా చేజారింది

1980లలో మన దేశం వంటనూనె కోసం బయటి దేశాల మీద బాగా ఆధారపడేది. దిగుమతి మాత్రం ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిలోనే ఉండేది. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టింది. మంచి విత్తనాలు, మద్దతు ధర, కొనుగోలు, దిగుమతి మీద కట్టడి, అన్నీ ఒకేసారి. అప్పటికి ఏటా 110 లక్షల టన్నుల దగ్గర ఉన్న నూనెగింజల దిగుబడి పదేళ్ళలో రెట్టింపు దాటింది. 1990ల మొదట్లో దేశానికి కావలసిన వంటనూనెలో దాదాపు 97 శాతం మన దగ్గరే తయారైంది. దాన్నే పసుపు విప్లవం అన్నారు.

మన వైపు ఆ విప్లవం అంటే ముందు గుర్తొచ్చేది అనంతపురమే. వాన తక్కువ, నేల ఎర్రది, పలచనిది. అక్కడ నిలబడే పంట వేరుశనగ. ఒకప్పుడు దేశంలో మరే జిల్లాలోనూ లేనంత విస్తీర్ణంలో అక్కడ వేరుశనగ వేసేవాళ్ళు. ఆ పంటలో వృథాగా పోయేది ఏదీ లేదు. గింజ నూనెకి, నూనె తీయగా మిగిలిన చెక్క పశువులకి, కాయ కోసుకున్నాక మిగిలిన కట్టె కూడా పశువులకే. కలుపు తీయడం, కాయ కోయడం, విత్తనానికి కాయలు ఒలవడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. అంటే ఆ పంట ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళకి కూలి ఉండేది.

ఆ తరవాత 1994 వచ్చింది. అప్పట్లో ఊళ్ళో పేపర్ చదివిన పెద్దవాళ్ళు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే "డంకెల్ ప్రతిపాదనలు" అనే మాట గుర్తుందేమో అడిగి చూడండి. ఆ చర్చలు ముగిసి, 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మరకేష్‌లో సంతకాలు అయ్యాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. ఆ ఒప్పందంలో ప్రతి దేశమూ ఒక్కొక్క సరుకు మీద ఇంతకు మించి సుంకం వేయను అని ఒక హద్దు రాసిచ్చింది. హద్దు లోపల ఎంత వేసుకోవాలన్నది ఆ దేశం ఇష్టం. పామాయిల్ మీద మనం రాసిచ్చిన హద్దు 300 శాతం. అంటే నూరు రూపాయల నూనె మీద మూడు వందల వరకు సుంకం వేసే హక్కు మన చేతిలోనే ఉంది. సోయాబీన్ నూనె మీద మాత్రం 45 శాతానికే ఒప్పుకున్నాం.

ఇంత పెద్ద హక్కు చేతిలో పెట్టుకుని మనం ఏం చేశాం? 1994లో పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకి వదిలి 65 శాతం సుంకం పెట్టాం. 1995లో దాన్ని 30కి, 1996లో 20కి, 1998లో 15కి దించాం. ఇది ప్రపంచ వాణిజ్య సంస్థ నియమం ప్రకారం చేయాల్సి వచ్చిన పని కాదు. ఢిల్లీలోనే తీసుకున్న నిర్ణయం. కారణాలూ లేకపోలేదు. వంటనూనె ధర పెరిగితే అందరికంటే ముందు కష్టపడేది పేదింటి ఇల్లాలు. పట్టణాల్లో గగ్గోలు పుడుతుంది, ఓట్లు పోతాయి. మలేసియా, ఇండోనేసియాల్లో పామాయిల్ చవగ్గా దొరుకుతోంది. తెప్పించుకుంటే పోయేదేముంది అనుకున్నారు.

1990ల మొదట్లో లక్ష టన్నుల చుట్టుపక్కల ఉన్న దిగుమతి, ఆ దశాబ్దం ముగిసేసరికి 40 లక్షల టన్నులు దాటింది. ఇప్పుడు ఏటా దాదాపు 160 లక్షల టన్నుల వంటనూనె బయటి నుంచి వస్తోంది. దేశం వాడే నూనెలో అది సగానికి పైమాటే.

ధర ఇచ్చే బీమా పోయింది

అనంతపురంలో వేరుశనగ తగ్గిపోవడానికి దిగుమతి ఒక్కటే కారణం అంటే అది నిజం కాదు. వరస కరువులు, తెగుళ్ళు, ఎండిపోయిన బోర్లు, అప్పులు, అన్నీ ఉన్నాయి. కానీ దిగుమతి చేసిన హాని ఒకటి ఉంది, అది పైకి కనిపించదు.

వానలు లేక పంట సగానికి పడిపోయిన ఏడాది, మామూలుగా అయితే ఆ సరుకు ధర పెరగాలి. పది బస్తాలు వచ్చే చోట అయిదే వచ్చినా, బస్తాకి కాస్త ఎక్కువ పలికితే రైతు ఏదోలా గట్టెక్కుతాడు. మెట్ట రైతుకి అదొక్కటే బీమా. చవక నూనె ఓడల్లో వచ్చే ఏర్పాటు అయ్యాక ఆ బీమా పోయింది. అనంతపురంలో పంట పోయినా మలేసియాలో గెలలు బాగా కాస్తే ఇక్కడ ధర పెరగదు. పంట పండినప్పుడు ధర లేదు, పోయినప్పుడూ ధర లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు ఇలాంటివాళ్ళని చూసే అని ఉంటారు.

గల్ఫ్‌లో ఉన్న పాఠకులకి కదిరి, రాయచోటి వైపు నుంచి ఇళ్ళలో పనికి కువైట్ వచ్చిన ఆడవాళ్ళు తెలిసే ఉంటారు. వాళ్ళు వదిలి వచ్చింది ఈ మెట్ట నేలనే.

మలేసియా పాఠకులకి ఈ కథ ఇంకోలా తెలుసు. మీ తాత ముత్తాతలు కూలికి వెళ్ళింది అక్కడి తోటలకే. ఇవాళ పామాయిల్ అక్కడ కొన్ని లక్షల కుటుంబాల బతుకు. చెట్టు మీద మనకి కోపం అక్కర్లేదు. ఒక ఊరి చెట్టుని ఇంకో ఊరి చేను మీదికి ఏ నియమమూ లేకుండా తోలడం మీదే మన అభ్యంతరం.

పాలు ఎలా నిలిచాయి

పాల మీద కూడా చవక సరుకు దాడి చేసింది. నిజానికి పాల మీదే ముందు చేసింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యేనాటికి ఐరోపాలో పాలపొడి, వెన్న గుట్టలుగా మిగిలిపోయి ఉన్నాయి. వాటిని మనకి దానంగా ఇచ్చారు. ఉచితంగా వచ్చిన పాలపొడి నేరుగా బజారులోకి వస్తే మన పాల ధర పాతాళానికి పోయేది. వర్గీస్ కురియన్ నడిపిన జాతీయ పాడి అభివృద్ధి సంస్థ అలా జరగనివ్వలేదు. ఆ పొడిని మళ్ళీ పాలుగా మార్చి నగరాల్లో సరైన ధరకే అమ్మింది. వచ్చిన డబ్బుతో పల్లెల్లో సహకార సంఘాలు, శీతల కేంద్రాలు, డెయిరీలు కట్టించింది. రైతుని ముంచాల్సిన సరుకుతోనే రైతుకి కోట కట్టిందన్నమాట. 1990ల చివరికి మన దేశం ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు తీసే దేశమైంది.

రెండో దెబ్బ 1999 ప్రాంతంలో తగిలింది. ఎప్పుడో పాత రోజుల్లో పాలపొడి మీద సున్నా సుంకానికి మనం ఒప్పుకుని ఉన్నాం. దాంతో విదేశీ పాలపొడి దిగడం మొదలైంది. అప్పుడు ప్రభుత్వం ఒప్పుకున్న హద్దునే మార్చుకోవడానికి చర్చలకి కూర్చుంది. ఏటా 10,000 టన్నుల వరకు 15 శాతం, అది దాటితే 60 శాతం సుంకం అని కొత్తగా రాయించుకుంది. అంతర్జాతీయ ఒప్పందంలో ఒకసారి రాసింది శిలాశాసనం కాదు, పట్టుబడితే మార్చుకోవచ్చు అనడానికి ఇంతకన్న రుజువు ఏం కావాలి?

మూడోది 2019లో. చైనా, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఆగ్నేయాసియా దేశాలతో కలిసి ఆర్‌సీఈపీ అనే పెద్ద ఒప్పందం మీద ఏళ్ళ తరబడి చర్చలు నడిచాయి. న్యూజిలాండ్ జనాభా అర కోటి చిల్లర. అక్కడ తీసే పాలలో 90 శాతానికి పైగా ఎగుమతికే. ఆ పొడికి తలుపు తీస్తే ఏమవుతుందో అమూల్ మొదలుకుని పాడి సంఘాలన్నీ గట్టిగా చెప్పాయి. రైతు సంఘాలు రోడ్డెక్కాయి. పాలక పక్షానికి దగ్గరి సంస్థలు కూడా వద్దన్నాయి. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆ ఒప్పందంలో చేరడం లేదని ప్రకటించింది.

తేడా ఎక్కడుంది

పాలు రోజుకి రెండు పూటలా అమ్మాలి. నిలవ ఉండవు. అందుకని పాలు పోసేవాళ్ళు రోజూ ఒకచోట కలుస్తారు. వెన్న శాతం ఎంత, లీటరుకి ఎంత, బిల్లు ఎప్పుడు పడుతుంది అన్నవి అందరికీ తెలుస్తాయి. పైసా తగ్గినా ఆ సాయంత్రానికే ఊరంతా మాట్లాడుకుంటుంది. ఒకటి రెండు గేదెలున్న ఇల్లు కూడా సంఘంలో సభ్యురాలే. సభ్యురాలు అనే అంటున్నాను, ఎందుకంటే గడ్డి కోసేది, పాలు పితికేది ఎక్కువ ఇళ్ళలో ఆడవాళ్ళే. పాల డబ్బు వాళ్ళ చేతికి వచ్చే డబ్బు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అయితే డెయిరీ మొత్తం మహిళలదే. "స్వకృషి" పేరుతో అమ్మే ఆ పాలకి యజమానులు ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళే.

నూనెగింజకి ఇదంతా లేదు. ఏడాదికి ఒకసారి పంట వస్తుంది, అప్పుల వాడు వాకిట్లో ఉండగానే వ్యాపారికి పోతుంది. రైతుకీ రైతుకీ మధ్య రోజూ కలిసే చోటు లేదు. ప్రయత్నం జరగలేదని కాదు. కురియన్ నూనెలో కూడా సహకార సంఘాలు కట్టబోయారు. జిలేబీ మాట వినగానే ఇంటికి తిరిగొచ్చే బుడ్డోడి టీవీ ప్రకటన గుర్తుందా? ఆ "ధార" నూనె ఆ ప్రయత్నం నుంచి వచ్చిందే. మన రాష్ట్రంలో ఆయిల్‌ఫెడ్, దాని "విజయ" నూనె కూడా ఆ కోవలోవే. కానీ అవి వేళ్ళూనుకునేలోపే సుంకాలు 65 నుంచి 15కి పడిపోయాయి. పాలకి ఇరవై ఏళ్ళ నీడ దొరికింది. నూనెకి పదేళ్ళు కూడా దొరకలేదు.

అందుకే అంటున్నాను, పాలని కాపాడింది సుంకం ఒక్కటే కాదు. సుంకం తగ్గిస్తే ఊరుకోని సంఘం. నూనె మీద 300 శాతం హక్కు కాగితం మీద ఉంది. దాన్ని వాడమని అడిగే గొంతు లేక అది కాగితం మీదే ఉండిపోయింది.

ఇప్పటి సంగతి

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మొక్కజొన్న, సోయా, పాల ఉత్పత్తులకి మన తలుపులు తెరవాలన్నది అమెరికా చాలాకాలంగా అడుగుతున్నదే. ఆగస్టు 7న ఢిల్లీలో స్వామినాథన్ శతజయంతి సభలో, రైతులు, పశుపోషకులు, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీ పడేది లేదని ప్రధాని అన్నారు. 2026 ఫిబ్రవరిలో రెండు దేశాలూ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. అందులో పాల పేరు లేదు. కానీ సుంకం తగ్గించే లేదా ఎత్తేసే అమెరికా సరుకుల్లో సోయాబీన్ నూనె పేరు ఉంది. పశువుల దాణాకి వాడే ఎర్రజొన్నల పేరు, మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి పేరు కూడా ఉన్నాయి. గొంతున్నది బయటపడింది, గొంతు లేనిది బల్ల మీదికి వచ్చింది.

అమెరికాలో ఉన్న మీరు, అక్కడి సోయా రైతు మాత్రం ఏం సుఖపడుతున్నాడు అని అడగవచ్చు. నిజమే. చైనాతో గొడవ ముదిరి 2025లో కొన్ని నెలల పాటు చైనా అమెరికా సోయా కొనడమే మానేసింది. మిగిలిన సరుకుకి కొత్త బజారు వెతుక్కోక తప్పదు. అయితే ఒక తేడా ఉంది. 2018లో అలాంటి గొడవే వచ్చినప్పుడు, రెండేళ్ళలో దాదాపు 2,300 కోట్ల డాలర్లు అమెరికా ప్రభుత్వం తన రైతులకి నష్టపరిహారంగా పంచింది. పామాయిల్ దిగి వేరుశనగ ధర పడిపోయిందని అనంతపురం రైతుకి అలాంటి పరిహారం ఎవరూ ఇవ్వలేదు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఇప్పుడు ప్రభుత్వమే రైతులని ఆయిల్ పామ్ వేయమంటోంది. 2021లో దానికోసం 11,040 కోట్ల రూపాయల పథకం పెట్టింది. దేశంలో పండే పామాయిల్‌లో అత్యధిక భాగం ఏలూరు, అశ్వారావుపేట లాంటి మన ప్రాంతాలదే. ఆ చెట్టు నాటాక కాపుకి రావడానికి నాలుగేళ్ళు పడుతుంది. సుంకం మారడానికి ఒక్క సాయంత్రం చాలు. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకాన్ని 20 శాతానికి పెంచారు, గెలల ధర కోలుకుంది. 2025 మే నెలాఖరులో దాన్ని మళ్ళీ 10కి దించారు. నాలుగేళ్ళు ఆగాల్సిన చెట్టుకి తొమ్మిది నెలలు కూడా నిలవని మాట.

ఈసారి వార్త చదివేటప్పుడు

ఏ దేశంతో ఒప్పందం కుదిరినా, పొగడ్తలూ తిట్లూ పక్కన పెట్టి మూడు సంగతులు చూడండి.

మొదటిది, రానివ్వలేదని చెప్పినవాటి జాబితా కాదు, రానిచ్చినవాటి జాబితా చదవండి. పాలు రాకపోవచ్చు. పాలిచ్చే గేదె తినే దాణా వస్తోందా, దానితో ఇక్కడి చెక్కకి, మొక్కజొన్నకి ధర తగ్గుతుందా చూడండి. గేదె ఉన్న ఇంటికి అది లాభమే. పంట ఉన్న ఇంటికి నష్టం. రెండూ ఉన్న ఇంటికి ఏమిటన్నది లెక్క వేసి చూడాల్సిందే.

రెండోది, సుంకం తగ్గింపు ఎంత సరుకుకి? కోటా ఉంటే అది ఎంత, ఏటా పెరుగుతుందా? పాలపొడి విషయంలో ఆ 10,000 టన్నుల అంకెలోనే అసలు రక్షణ ఉంది.

మూడోది, ధర పడిపోతే రైతుని ఆదుకునే ఏర్పాటు అదే రోజు ప్రకటించారా? లేక ఆ మాట "తరవాత చూద్దాం" లోకి పోయిందా?

పాలు బయట ఉన్నాయని మంత్రులు గర్వంగా చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీయండి. కానీ ఆ మాట వాళ్ళ చేత అనిపించింది తెల్లవారుజామున క్యాన్ పట్టుకుని పాల కేంద్రం ముందు వరసలో నిలబడే లక్షలమంది ఆడవాళ్ళు. వేరుశనగ కాయ ఒలిచిన చేతులూ అలాంటివే. వాటికి నిలబడడానికి ఒక వరస లేకపోయింది, అంతే. మన ఊళ్ళకి డబ్బు పంపేటప్పుడు గుళ్ళకీ, బడులకీ పంపుతుంటాం. ఊళ్ళో నూనెగింజల రైతులు కలిసి గానుగ పెట్టుకుంటున్నారనో, సంఘం కట్టుకుంటున్నారనో తెలిస్తే, ఈసారి దాని గురించి కూడా ఇంటికి ఫోన్ చేసి అడగండి. వచ్చే ఒప్పందం నాటికి వాళ్ళ మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.